మా ఆఫ్రికా నెల్లూరోళ్ళు

పని పేరు ఒకటి, పని ఇంకొకటి

నా కుర్చీలో ఇప్పుడు కూర్చున్న అమ్మాయి మొన్న ఫోన్ చేసింది. "మేడమ్, విదేశీ విద్యార్థుల సలహాదారు అంటే రోజూ ఏం సలహాలివ్వాలి?" అని అడిగింది. పాపం, బుద్ధిగానే అడిగింది. నాకే నవ్వాగలేదు. ఇన్నేళ్ళలో నేనిచ్చిన సలహాలు తక్కువ, ఇప్పించిన గ్యాస్ సిలిండర్లు ఎక్కువ. దోమతెరలు కొనిపెట్టడం, పోలీసు స్టేషన్‌కి తోడు వెళ్ళడం, సన్నటి జడలు అల్లడం వచ్చిన వాళ్ళ కోసం నెల్లూరంతా గాలించడం, చివరికి నేనే నేర్చుకుని అల్లడం, ఇవీ నా సలహాలు. ఆ అమ్మాయికి ఇదంతా చెప్తూ ఉంటే మధ్యలో తన ఫోన్ ఛార్జింగ్ అయిపోయింది. నా మాటలు మాత్రం అవలేదు, అందుకని కూర్చుని రాస్తున్నాను.

నాది విడవలూరు దగ్గర వరి పండించే ఊరు. మా విశ్వవిద్యాలయం పేరు రాయను. నెల్లూరికీ సముద్రానికీ మధ్యలో ఉంటుందని చెప్తే చాలు. చేపల పెంపకం చదువుకోవడానికి ఘానా నుంచీ టాంజానియా నుంచీ ఇథియోపియా నుంచీ పిల్లలు వచ్చేవాళ్ళు. నేను చేరేనాటికే వాళ్ళు ఉన్నారు, నేను వచ్చేశాక కూడా వస్తున్నారు. కొన్నాళ్ళకి పూర్వ విద్యార్థుల సంఘం పనిని కూడా నా నెత్తిన పెట్టారు. అందులో ఆఫ్రికా వాళ్ళకి విడిగా ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. దాని పేరు వాళ్ళే పెట్టుకున్నారు, తెలుగు అక్షరాల్లో: "నెల్లూరోళ్ళం". అందులో నెల్లూరు జిల్లాలో పుట్టినదాన్ని నేనొక్కదాన్నే. నన్ను చేర్చుకోవాలా వద్దా అని వాళ్ళు ఓటింగ్ పెట్టారు! ఒకరిద్దరు వద్దన్నారు కూడా. ఎవరో చెప్పలేదు, ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను.

ప్రమోషన్ల గురించీ ఫైళ్ళ గురించీ ఇక్కడ ఏమీ ఉండదు. అవి తెలుసుకోవాలంటే ఆఫీసులో బీరువాలున్నాయి.

టులెట్ బోర్డులు

నా మొదటి పెద్ద కేసు నీమా. టాంజానియా పిల్ల, వచ్చిన కొన్నాళ్ళకే తెలుగు పట్టేసింది. ఆడపిల్లల హాస్టల్ నిండిపోయిందని బయట గది వెతకాల్సి వచ్చింది. నేనూ తనూ స్కూటరెక్కి బయల్దేరాం. మొదటి ఇంటి గేటుకి టులెట్ బోర్డు వేలాడుతోంది. ఇంటాయన నీమాని చూసి, "ఇప్పుడే ఇచ్చేసినామమ్మా" అన్నాడు. రెండో ఇంట్లో, "మా చుట్టాలొస్తా ఉండారు, పై వాటా వాళ్ళకి కావాల" అన్నారు. మూడో ఇంట్లోనూ చుట్టాలే. నాలుగో ఇంట్లో గుమ్మం దాకా కూడా రానివ్వలేదు.

స్కూటర్ వెనక కూర్చుని నీమా, "అక్కా, ఈ ఊళ్ళో అందరి చుట్టాలూ ఇవాళే వస్తున్నట్టున్నారు. రోడ్లు ఖాళీ ఉండవు, పద, వెనక్కి వెళ్ళిపోదాం" అంది.

నేను స్కూటర్ ఆపి నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాను. తను నా వీపు నిమిరింది. సలహాదారు నేనో తనో తెలియలేదు ఆ పూట.

కోపం రాకుండా ఎలా ఉంటుంది? నా రంగేమైనా తక్కువా? నా పెళ్ళిచూపుల రోజుల్లో నా ఒంటిరంగు గురించి వచ్చిన సలహాలతో ఒక సున్నిపిండి దుకాణం తెరవొచ్చు. ఎండలో నాట్లేసి, ఎండలో వలలు లాగి, ఎండలోనే పుట్టినట్టుండే జిల్లా మనది. మనకన్నా నాలుగు పిసర్లు నల్లగా ఉన్న పిల్ల గేటు ముందు నిలబడితే మన ఇంటికి చుట్టాలు పుట్టుకొస్తారు. వేరే దేశాల్లో మనవాళ్ళని ఎవరైనా రంగు చూసి ఒక మాటంటే మాత్రం టీవీల ముందు కూర్చుని ఊగిపోతాం. దీనికి నా దగ్గర మర్యాదైన మాట లేదు, సిగ్గుచేటు అంతే.

ఆ రోజు నేర్చుకున్న పని ఒకటుంది, కొత్తగా చేరేవాళ్ళు రాసిపెట్టుకోండి. ఇంటివాళ్ళకి ముందే ఫోన్ చేసి, పిల్ల ఆఫ్రికా నుంచి వచ్చిందని చెప్పేయండి. "లేదు" అనేదేదో మనకే ఫోన్లో అంటారు. ఆ పిల్ల గుమ్మం ముందు నిలబడి వినాల్సిన అవసరం ఉండదు. మనకి జీతమిచ్చేది అందుకే.

అలా ఫోన్లు చేస్తూ పోతే దొరికింది వెంకటరమణమ్మ గారు, ఒంటరిగా ఉండే పెద్దావిడ. దేశం పేరు చెప్పాను. నేను ఇంకో చుట్టాల కథకి సిద్ధమయ్యాను.

"మధ్యాన్నం పూట పాటలు పెడతాదా ఆ పిల్ల?" అంది. "నేను పడుకుంటా. సద్దు చేస్తే నాకు తలకాయ నొప్పి."

నీమా పక్కనుంచి, "నేనూ పడుకుంటానండీ!" అని అరిచింది. చదువయ్యేదాకా ఆ ఇద్దరూ మధ్యాహ్నాలు కింద ఒకరు, పైన ఒకరు హాయిగా నిద్రపోయారు.

కుర్చీ

వద్దన్నవాళ్ళతో నేను పోట్లాడగలిగాను. నెత్తిన పెట్టుకున్నవాళ్ళతోనే చచ్చే చావొచ్చింది. అప్పట్లో మాకొక పెద్ద అధికారి ఉండేవారు. మనిషి వెన్న. ఆఫ్రికా పిల్లలు మన అతిథులని ఆయన పట్టుదల. సభల్లో వాళ్ళకి ముందువరస, మెడలో దండ. శ్రమదానం రోజు సెలవు. కబడ్డీ జట్టులోకి వాళ్ళని తీసుకోకూడదు, దెబ్బ తగిలితే బాగుండదు.

అప్పుడు ఘానా నుంచి క్వేసి అనే కుర్రాడు చదువుతున్నాడు. తాతల నాటి నుంచీ సముద్రం మీద బతికిన కుటుంబం వాళ్ళది. చెరువులో పెంచిన చేపల్ని వల వేసి పట్టే పట్టుబడి రోజు తరగతంతా మొలలోతు బురదలో దిగింది. క్వేసికి మాత్రం గట్టు మీద కుర్చీ వేశారు. పక్కన గొడుగు పట్టుకుని ఒక మనిషి! సాయంత్రం క్వేసి నా గదికొచ్చాడు. ముఖం కందగడ్డలా ఉంది.

"అక్కా, నన్ను తిట్టినా పడతా. ఆ కుర్చీ తీసేయించండి" అన్నాడు.

వెళ్ళి చెప్పాను. "కుర్చీ వేయడం కూడా తప్పేనా అమ్మా?" అని పెద్దాయన నిజంగానే నొచ్చుకున్నారు. తిట్టినవాడికైతే ఎదురు చెప్పొచ్చు, కుర్చీ వేసినవాడికి ఏం చెప్తాం? క్వేసి నాలాగా ఆలోచిస్తూ కూర్చునే రకం కాదు. తర్వాతి పట్టుబడికి వచ్చాడు, కుర్చీకి దణ్ణం పెట్టాడు, ఇస్త్రీ ప్యాంటుతో సహా చెరువులోకి దూకాడు. పిల్లలందరూ ఒకటే కేకలు! ఆ కుర్చీ మళ్ళీ గట్టు మీద కనపడలేదు.

ఆదివారాలు క్వేసి బస్సెక్కి మైపాడు సముద్రపొడ్డుకి పోవడం మొదలుపెట్టాడు. వెనకే నీమా, వాళ్ళ వెనక మిగతావాళ్ళు. అక్కడ పోలయ్య అని అలివి వల ఉన్న ఒకాయన ఉండేవాడు. పడవలో వలని సముద్రంలోకి అర్ధచంద్రంలా వదిలి, రెండు తాళ్ళనీ ఒడ్డు మీద నుంచి జనం లాగుతారు. ఘానాలో క్వేసి వాళ్ళ ఊళ్ళోనూ అచ్చం ఇదే వల, ఇదే లాగడం, పాటలే వేరు. ఇక ఆ ఒడ్డున ఈ పాట కొంచెం, ఆ పాట కొంచెం, మధ్యలో హైలెస్సా. వలకి ఒక కట్టుబాటుంది. తాడు పట్టినవాళ్ళు వల ఒడ్డుకొచ్చేదాకా వదలకూడదు. ఎవరైనా సరే, ఏ ఊరైనా సరే, లాగినవాళ్ళకి చేపల్లో వాటా ఉంటుంది. హాస్టల్ గదుల్లోకి ఆ వాటాలు వచ్చినప్పుడల్లా వార్డెన్‌తో గొడవపడటం కూడా నా సలహాల్లో భాగమే.

అతిథులు ఫెయిలవుతారా?

నా ఉద్యోగం చివరి ఏడాది విశ్వవిద్యాలయానికి వార్షికోత్సవం వచ్చింది. చరిత్ర గది అని ఒక హాలు కట్టారు. అప్పటికి ఉన్న వీసీ గారు హుషారైన మనిషి. కుదురుగా కూర్చోరు, ఫోటో అంటే ప్రాణం, మాంసం చేప ముట్టరు. గోడల నిండా పూర్వ విద్యార్థుల ఫోటోలు, పేర్లు, వాళ్ళిప్పుడు ఏం చేస్తున్నారో వివరాలు పెట్టించారు. ఆఫ్రికా వాళ్ళకి మాత్రం తలుపు పక్కన ఒకే ఒక్క ఫోటో. పంచెలు కట్టుకుని దండం పెడుతున్న గుంపు. పేర్లు లేవు. కింద బంగారు అక్షరాలతో "మన ఆఫ్రికన్ అతిథులు" అని ఉంది.

నేను ఆ గోడని ఫోన్లో ఫోటో తీసి "నెల్లూరోళ్ళం"లో పెట్టాను. చూడండిక! గ్రూపంతా భగ్గుమంది. నీమా అప్పటికి తన దేశంలో చేపల పెంపకం పాఠాలు చెప్పే పంతులమ్మ. వెంటనే వీడియో కాల్ చేసింది.

"అక్కా, నేనక్కడ ఒక సబ్జెక్టు ఫెయిలయ్యాను. మళ్ళీ చదివి, మళ్ళీ రాసి పాసయ్యాను. అతిథులు ఫెయిలవుతారా? అతిథుల చేత మళ్ళీ పరీక్ష రాయిస్తారా?"

"రాయించరమ్మా" అన్నాను.

"నా పేరు నా తరగతి వాళ్ళ వరసలో ఉండాలి. ఆ టులెట్ ఇళ్ళ సంగతి కూడా గోడ మీద ఉండాలి. మా చరిత్ర అంటే అదీ కలిపి. లేకపోతే వార్షికోత్సవానికి మాలో ఒక్కరూ రారు. నేనసలు ఆ ఊళ్ళో చదివానని కూడా ఇక ఎవరికీ చెప్పుకోను."

ఆ చివరి మాట నవ్వుతూ అనలేదు. 

వీసీ గారి దగ్గరికి పరిగెత్తాను. "అతిథి అంటే ఎంత గౌరవమమ్మా! ఇంకేం కావాలి వాళ్ళకి?" అన్నారు. టులెట్ సంగతి ఎత్తేసరికి కుర్చీలోంచి లేచారు. "పండగ పూట ఊరి పరువు గోడకెక్కిస్తామా? వాళ్ళలో ఒక నలుగురిని ముందుగా రమ్మనండి, కూర్చుని మాట్లాడదాం" అన్నారు. నీమా, క్వేసి, ఇంకో ఇద్దరు వచ్చారు. మాట తేలకపోతే ఉత్సవానికి ముందే తిరుగు విమానం ఎక్కేస్తామని చెప్పే వచ్చారు. రెండు సమావేశాలు జరిగాయి. ఎంతో మర్యాదగా జరిగాయి. టీలు తాగాం, జీడిపప్పులు తిన్నాం, ఒక్క మాట కూడా తేలలేదు.

వీసీ గారి వాటా

అతిథులు అలిగారు కాబట్టి సముద్రం చూపిద్దామని వీసీ గారికి తోచింది. వాళ్ళు ఆదివారాలన్నీ గడిపిన సముద్రాన్ని వాళ్ళకే చూపించడానికి రెండు వ్యాన్లు, ఒక ఫోటోగ్రాఫరు! మైపాడు చేరేసరికి పోలయ్య వల నీళ్ళలో ఉంది. క్వేసిని చూసి పోలయ్య తాడు వదలకుండానే, "ఎవుర్రా అది, క్వేసేనా? లావైపోయినావే! రా రా, తాడు పట్టు, మాటలు తర్వాత" అని కేకేశాడు. మా నలుగురూ చెప్పులు విసిరేసి వరసలో దూరిపోయారు. చీర కుచ్చిళ్ళు దోపుకుని నేనూ పట్టాను. మోకాళ్ళ నొప్పి సంగతి తర్వాత చూసుకోవచ్చనుకున్నాను.

వీసీ గారు తెల్ల ప్యాంటు, నల్ల బూట్లు, నల్ల కళ్ళద్దాలతో ముందుకొచ్చారు. "ఒక ఫోటో" అంటూ తాడు మీద చెయ్యి వేశారు.

"సార్, పట్టుకోకండి!" అని క్వేసి అరిచాడు. అప్పటికే పట్టేసుకున్నారు.

ఫోటో అయింది. వీసీ గారు తాడు వదిలారు. వరసంతా ఒక్కసారిగా "ఏయ్!" అంది. ఆయన ఉలిక్కిపడి మళ్ళీ పట్టుకున్నారు.

"పట్టినోళ్ళు ఇడవకూడదు సార్," అన్నాడు పోలయ్య. "వల ఒడ్డుకి రావాల. మీకు తెలీకపోయింది గానీ, ఇప్పుడేం చేసేది?"

"ఎంతసేపు పడుతుంది?"

"అది సముద్రాన్నడగాల సార్."

ఆయన నవ్వారు. పోలయ్య నవ్వలేదు. అంతే, విశ్వవిద్యాలయం ఉపకులపతి వెనక్కి వెనక్కి నడుస్తూ వల లాగడం మొదలుపెట్టారు. బూట్లలో నీళ్ళు చేరాయి, బూట్లు పోయాయి. కళ్ళద్దాలు ఎటో పోయాయి. అలివి వల లాగేటప్పుడు వెనక చివరికి వచ్చినవాళ్ళు తాడు వదిలి, పరుగున ముందుకెళ్ళి నీళ్ళ దగ్గర మళ్ళీ అందుకోవాలి. అప్పుడు తప్ప వదలడానికి లేదు. వీసీ గారు ఆ పరుగు నేర్చుకున్నారు. నేర్చుకున్నాక ఇక ఆగలేదు! "నెక్స్ట్ నేను, నెక్స్ట్ నేను" అని చిన్నపిల్లాడిలా ఉరికారు. ఒక అల వచ్చి నడుం దాకా తడిపితే కేరింతలు కొట్టారు. ఒకవైపు క్వేసి ఘానా పాట, ఇంకోవైపు మన హైలెస్సా, మధ్యలో వీసీ గారు రెండూ తప్పుగా పాడుతున్నారు. నాకు నవ్వి నవ్వి పక్కటెముకలు నొప్పి పుట్టాయి, తాడు లాగినందుకు కాదు.

వల ఒడ్డెక్కింది. కవళ్ళు, నెత్తళ్ళు, కానగంతలు, ఇసకంతా తళతళమని ఎగిరిపడుతున్నాయి. పోలయ్య కుప్పలు పెట్టడం మొదలుపెట్టాడు. నీమాకొకటి, క్వేసికొకటి, నాకొకటి. వీసీ గారి పాదాల ముందు కూడా ఒక కుప్ప పడింది.

"అయ్యో, నాకెందుకు? నేను తినను" అన్నారాయన.

"తినేది తినకపోయేది మీ ఇష్టం సార్. లాగినారు, ఇది మీది."

"నాదా?"

"మీదే."

ఫోటోగ్రాఫరు ఆశగా దగ్గరికొచ్చి, "మరి నాకు?" అన్నాడు. "నువ్వు తాడు పట్టినావా అబ్బయా?" అన్నాడు పోలయ్య. అతను కెమెరా మూసుకుని వెనక్కి వెళ్ళాడు.

వీసీ గారు ఆ చేపల్ని చూస్తూ నిలబడిపోయారు. సన్మానాల్లో ఎన్నో శాలువాలు కప్పించుకున్న మనిషి. ఏ శాలువాకీ ఆ ముఖం అలా వెలగడం నేను చూడలేదు. ఒక కవరు తెప్పించుకుని, ముట్టనివాడు కాస్తా తన చేత్తోనే చేపలన్నీ ఏరుకున్నారు. డ్రైవర్ అందుకోబోతే ఇవ్వలేదు.

నీమా ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. ఒళ్ళంతా ఇసక. "సార్, ఇప్పుడెవరైనా వచ్చి ఆ కవరు లాక్కుని, 'మీరు అతిథి కదా, మీకీ చేపలెందుకు, దండ వేసుకుని కూర్చోండి' అంటే?"

"ఇవ్వను!" అని ఆయన కవరుని గుండెకి హత్తుకున్నారు. అందరం పగలబడి నవ్వాం. ఆయన కూడా నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయారు. నీమా ముఖం చూశారు. తను నవ్వడం లేదు.

తిరుగు దారిలో వ్యాన్ ఇందుకూరుపేట దాటింది. వీసీ గారు వెనక్కి తిరిగి, "ఆ గోడ మీద ఏం రాయాలో మీరే చెప్పండమ్మా" అన్నారు.

"టులెట్ కూడానా సార్?" అంది నీమా.

"మా కాలనీలోనే జరిగి ఉంటుంది," అన్నారు మెల్లగా. "రాయండి."

ఆ సాయంత్రం ఆ కవరు పట్టుకుని ఆయన మా ఇంటికొచ్చారు. వాళ్ళావిడ గడప దాటనివ్వలేదట. "మీరు వండుకోండమ్మా. ఎవరికి పెట్టినా నా వాటా అని చెప్పి పెట్టండి" అన్నారు. మామిడికాయ వేసి పులుసు పెట్టాను. తిన్న ప్రతివాళ్ళకీ చెప్పాను.

ఉత్సవం

పనులు తెమలక ఉత్సవం వాయిదా పడింది. ఈలోగా నేను పదవీ విరమణ చేసేశాను. నాకు ఆహ్వానపత్రం వచ్చింది, "గౌరవ అతిథి" అని నా పేరు పక్కన అచ్చువేసి మరీ. ఉన్న మాట చెప్పాలి కదా, నేను ఉబ్బిపోయాను. పట్టుచీర కట్టుకుని వెళ్ళాను.

చరిత్ర గదిలో పాత ఫోటో లేదు. ఏ తరగతి వాళ్ళు ఆ తరగతి వరసలోనే ఉన్నారు. నీమా పేరు రెడ్లకీ శెట్లకీ మధ్యలో, నవ్వే ముఖంతో. తలుపు పక్కన గోడ మీద ఆఫ్రికా విద్యార్థులు తామే రాసుకున్న వాళ్ళ కథ ఉంది. దొరకని ఇళ్ళ సంగతి రాశారు, దొరికిన వెంకటరమణమ్మ గారి సంగతీ రాశారు, కుర్చీ సంగతి కూడా రాశారు. మన ఊరివాళ్ళు చాలామంది ఆ గోడ ముందు నిలబడి చదివారు. కొందరు తలవంచుకుని చదివారు.

సభ ముగిసేవేళకి ముందువరస సోఫాల్లో నా సోఫా తప్ప అన్నీ ఖాళీ. ఆఫ్రికా నుంచి గ్రూపు గ్రూపంతా వచ్చింది కానీ ఒక్కరూ కనపడరు. వీసీ గారి ముఖం పాలిపోయింది. "మళ్ళీ అలిగారా? గోడ మీద ఏమైనా తప్పు పడిందా?" అని నా చెవిలో అడిగారు. ఇద్దరం లేచి వెతుక్కుంటూ వెళ్ళాం.

భోజనాల షామియానా వెనక దొరికారు. అందరూ నడుముకి తువ్వాళ్ళు బిగించారు. క్వేసి గంగాళం దగ్గర వంటవాళ్ళతో అన్నం ఉడకలేదని పోట్లాడుతున్నాడు. నీమా ఆకులు తుడిపిస్తోంది.

"ఇదేమిటమ్మా, మీరు మొదటి పంక్తిలో కూర్చోవాలి కదా!" అన్నారు వీసీ గారు.

"మీరు కూర్చోండి సార్. వచ్చినోళ్ళందరూ తిన్నాక, మేము కడపట తింటాం" అంది నీమా, నెల్లూరు యాసలోనే. "ఇంటోళ్ళం కదా."

వీసీ గారు వెళ్ళి ఆకు ముందు బుద్ధిగా కూర్చున్నారు. నా కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. సంతోషంతోనే, దాచుకోవడం దేనికి? కొంగుతో తుడుచుకుని, గౌరవ అతిథిని కదా అని నేనూ ఆయన పక్కన కూర్చోబోయాను.

"నువ్వెక్కడికి అక్కా?" అని వెనకనుంచి కేక. "పప్పు బకెట్ పట్టుకో!"

పట్టుచీర కొంగు నడుముకి దోపుకుని బకెట్ అందుకున్నాను.